నాలుగో నంబరులోనే తిరిగే కారు ఫ్యాను: మోటారు మార్చే ముందు కప్లర్ చూడండి

ప్రశ్న: మాది హిందూపురం. బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాం. తొమ్మిదేళ్ల పాత పెట్రోలు హ్యాచ్‌బ్యాక్ కారు, నేనే నడుపుతాను. దీపావళి దగ్గర్నుంచి హీటరు ఫ్యాను 1, 2, 3 నంబర్లలో తిరగడం లేదు. 4లో పెడితే మాత్రం హోరుమని తిరుగుతుంది. ఏసీ వేసినా అంతే. పది రోజులుగా 4లో కూడా ఉన్నట్టుండి ఆగిపోతోంది, గ్లవ్ బాక్స్ కింద చేత్తో తడితే మళ్లీ మొదలవుతోంది. మొన్న ప్లాస్టిక్ కాలిన వాసన కూడా వచ్చింది. ఇంటి దగ్గరి మెకానిక్ టెస్ట్ ల్యాంప్ పెట్టి చూసి, "మోటారు దాకా కరెంటు వస్తోంది, మోటారే పోయింది. ఫ్యూజ్ బాగుంది కాబట్టి భయం లేదు" అన్నాడు. మోటారుకు ఆరు వేలు దాటుతుందట. సంక్రాంతికి పిల్లలతో తెల్లవారుజామున ఊరికి బయల్దేరాలి. పొగమంచులో అద్దం మసకబారితే ఎలా అని టెన్షన్‌గా ఉంది. మోటారు మార్పించమంటారా?

సమాధానం:

అమ్మా, మోటారు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఈ రోజే ఒక పని చేయండి. ఇంజను ఆపి, తాళంచెవి బయటికి తీసేసి, ఫ్యూజ్ బాక్స్ మూత లోపల ఉండే బొమ్మలో బ్లోయర్ అనో హీటర్ అనో రాసి ఉన్న ఫ్యూజ్ ఎక్కడుందో చూసి, దాన్ని లాగి జాగ్రత్తగా పక్కన పెట్టండి. చాలా కార్లలో అది 25 లేదా 30 ఆంపియర్లది ఉంటుంది. 25ది రంగు లేకుండా అద్దంలా, 30ది ఆకుపచ్చగా ఉంటుంది. అది తీసేస్తే ఫ్యాను, దాంతో పాటు ఏసీ పనిచేయవు. కారు మామూలుగానే నడుస్తుంది. కాలిన వాసన వచ్చిన తర్వాత, ఆ వాసన ఎక్కడిదో తెలిసేదాకా ఆ ఫ్యాను వేయకూడదు. పిల్లలు కూర్చునే కారు కదా.

"ఫ్యూజ్ బాగుంది కాబట్టి భయం లేదు" అన్న మాట నన్ను ఎక్కువ కలవరపెట్టింది. కరెంటు మోతాదు మించి పారితేనే ఫ్యూజ్ కాలిపోతుంది, అంటే ముఖ్యంగా ఎక్కడో షార్ట్ అయినప్పుడన్నమాట. కానీ కార్లలో ప్లాస్టిక్ కరిగేది చాలాసార్లు షార్ట్ వల్ల కాదు, లూజు వల్ల. వైర్లను కలిపే ప్లాస్టిక్ జాయింటునే కప్లర్ అంటారు. దానిలో పిన్ను వదులైతే అక్కడ కరెంటు పెరగదు, ఇంకాస్త తగ్గుతుంది కూడా. అందుకే ఫ్యూజుకు ఏమీ తెలియదు. లెక్క చూడండి. ఫ్యాను 4లో 15 ఆంపియర్లు లాగుతోందనుకుందాం. వదులైన పిన్ను దగ్గర ఓమ్‌లో పదో వంతు అడ్డు ఏర్పడినా చాలు, 15 గుణించి 15, దాన్ని 0.1తో గుణిస్తే 22.5 వాట్లు. రేడియోలు రిపేరు చేసేవాళ్లు సీసం కరిగించడానికి వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. ఇంచుమించు అంత వేడి బియ్యపు గింజంత పిన్ను దగ్గర, చుట్టూ ప్లాస్టిక్ ఉన్నచోట పుడుతుంది. మీకు వచ్చిన వాసన బహుశా అదే.

ఇక అసలు విషయం. హీటరుకు వేరే ఫ్యాను, ఏసీకి వేరే ఫ్యాను ఉండవు. రెండింటికీ డాష్‌బోర్డు వెనక ఎడమవైపు ఉండే ఒకే బ్లోయర్ గాలి కొడుతుంది. ఆ గాలి ఏసీ కాయిల్ మీదుగా వెళ్తే చల్లగా, ఇంజను వేడినీళ్లు తిరిగే చిన్న రేడియేటర్ మీదుగా వెళ్తే వెచ్చగా వస్తుంది. బెంగళూరులో చాలామంది "మనకు హీటరెందుకు" అని ఈ ఫ్యాను రిపేరును వాయిదా వేస్తారు. వానాకాలంలో అద్దం మీద ఆవిరి పట్టినప్పుడు, చలికాలం ఉదయాల్లో దాని విలువ తెలుస్తుంది. ఇంకో సంగతి, ఫ్యాను తిరగకపోతే కాయిల్ మీద మంచు గడ్డకట్టే ప్రమాదం ఉంది కాబట్టి చాలా కార్లలో కంప్రెసర్ కూడా ఆన్ కాదు. అలా వచ్చిన కారుకు "ఏసీ గ్యాస్ అయిపోయింది" అని గ్యాస్ నింపి పంపినవాళ్లను కూడా చూశాను.

స్పీడు మార్చే పద్ధతి మీలాంటి మాన్యువల్ ఏసీ కార్లలో చాలా సులువు. 4లో పెడితే మోటారుకు బ్యాటరీ కరెంటు నేరుగా వెళ్తుంది. 1, 2, 3లో పెడితే మధ్యలో రెసిస్టర్ అనే చిన్న ముక్క అడ్డు వస్తుంది, ఆ అడ్డు ఎంత ఎక్కువైతే ఫ్యాను అంత నెమ్మదిస్తుంది. ఆ అడ్డు దగ్గర తగ్గిన శక్తి రెసిస్టర్‌లో వేడిగా మారుతుంది. ఉదాహరణకు ఒక ఓమ్ రెసిస్టర్ గుండా 6 ఆంపియర్లు వెళ్తే 36 వాట్ల వేడి. అందుకే దాన్ని బ్లోయర్ గాలి తగిలేలా డక్టులోనే బిగిస్తారు, ఫ్యాను గాలే దాన్ని చల్లబరుస్తుంది. వేడి మరీ ఎక్కువైతే తెగిపోయేలా దాని మీదే ఒక చిన్న థర్మల్ ఫ్యూజ్ ఉంటుంది. అది తెగితే 1, 2, 3 మూడూ ఒకేసారి పోతాయి, 4 మాత్రం మిగులుతుంది. మీ ఉత్తరంలోని మొదటి లక్షణం అచ్చం ఇదే. మోటారే పోయి ఉంటే 4లో అంత హోరుగా తిరిగేది కాదు. కాబట్టి దీపావళికి మొదలైన తంటా దాదాపుగా రెసిస్టర్‌దే, లేదా దానికి తగిలించే కప్లర్‌దే.

మరి 4లో కూడా ఆగిపోవడం, తడితే తిరగడం? దీనికి రెండు కారణాలు ఉండొచ్చు. మోటారు లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగిపోతే, తట్టినప్పుడు అవి ఒక్క క్షణం అంటుకుని మోటారు మళ్లీ తిరుగుతుంది. లేదా కరిగిన కప్లర్‌లో పిన్ను ఒకసారి తగిలి, ఒకసారి వదిలేస్తూ ఉండొచ్చు. గ్లవ్ బాక్స్ కింద తడితే మోటారూ కదులుతుంది, కప్లరూ కదులుతుంది, అందుకే తట్టడం వల్ల ఏదీ తేలదు. ఈ రెంటినీ విడదీసే పరీక్ష ఒకటే ఉంది. మీ మెకానిక్ చేసింది ఆ పరీక్ష కాదు.

ఆయన్ని తప్పుపట్టాలని కాదు. చాలామంది పొరపడేది ఇక్కడే. ఎన్నో కార్లలో బ్లోయర్ మోటారుకు ప్లస్ వైరు నేరుగా ఫ్యూజు, రిలే నుంచి వస్తుంది. స్విచ్చు, రెసిస్టర్ రెండూ ఎర్త్ వైపు, అంటే బ్యాటరీ మైనస్‌కు కలిసే కారు బాడీ వైపు ఉంటాయి. అంటే తాళం ఆన్ చేయగానే మోటారు దగ్గర 12 వోల్టులు సిద్ధంగా ఉంటాయి. అవతలి వైపు ఎర్త్ దొరికినప్పుడే మోటారు తిరుగుతుంది. ఇప్పుడు టెస్ట్ ల్యాంప్ క్లిప్పును కారు బాడీకి తగిలించి, మొనను మోటారు ప్లస్ పిన్నుకు పెడితే బల్బు వెలుగుతుంది. అవతలి పిన్నుకు పెట్టినా వెలుగుతుంది, ఎందుకంటే కరెంటు మోటారు చుట్టలోంచి దాటి వచ్చి బల్బు గుండా బాడీలోకి పోతుంది. రెండు పిన్నుల దగ్గరా వెలిగింది కాబట్టి "కరెంటు వస్తోంది, మోటారు పోయింది" అనిపిస్తుంది. నిజానికి అవతలి పిన్ను దగ్గర వెలగడమంటే మోటారు చుట్ట బాగుందనీ, ఎర్త్ దారి తెగిందనీ అర్థం! అదే సాక్ష్యాన్ని తిరగేసి చదివి, బాగున్న మోటారును తీసి పారేస్తారు. కొత్త మోటారు పెట్టినా తిరగదు, అప్పుడు స్విచ్చు మారుస్తారు, ఆ తర్వాత రిలే.

కాబట్టి మీరు పట్టుబట్టి చేయించాల్సిన పరీక్ష ఇది. గ్లవ్ బాక్స్ విప్పితే బ్లోయర్, దాని పక్కనే రెసిస్టర్ కనిపిస్తాయి. తీసిన ఫ్యూజ్ ఈ పరీక్ష కోసం మాత్రమే మళ్లీ పెట్టాలి, తర్వాత తీసేయాలి. ఫ్యాను 4లో ఉంచి, తాళం ఆన్ చేసి, మల్టీమీటర్‌ను డీసీ వోల్టులకు తిప్పి, రెండు తీగల్నీ మోటారు రెండు పిన్నులకే పెట్టాలి. బాడీకి కాదు. ఫ్యాను ఆగిపోయిన క్షణంలో మీటరు చూడాలి. 12 వోల్టుల దగ్గర చూపిస్తూ ఉండి ఫ్యాను తిరగకపోతే తప్పు మోటారుదే, బ్రష్‌లో లేక బేరింగో. మీటరు సున్నాకు పడిపోతే మోటారు అమాయకురాలు, తప్పు వైరింగులో ఉంది. స్విచ్చు ప్లస్ వైపున్న కార్లకు కూడా ఈ పరీక్ష ఇలాగే పనిచేస్తుంది.

తిరుగుతున్నప్పుడు వచ్చే అంకె కూడా రాసుకోండి. ఇంజను ఆన్‌లో ఉండగా బ్యాటరీ దగ్గర సుమారు 14 వోల్టులు ఉంటే, 4లో మోటారు పిన్నుల దగ్గర దానికి దగ్గరగానే రావాలి. అరవోల్టు తేడా ఉంటే పర్వాలేదు. ఒకటిన్నర, రెండు వోల్టులు తగ్గితే దారిలో ఎక్కడో పోతున్నట్టే. ఎక్కడ పోతోందో కనుక్కోవడానికి ఒక్కో కప్లర్‌కు ఇటూ అటూ మీటరు పెట్టి చూడాలి. ఆరోగ్యంగా ఉన్న కప్లర్ మీద చూపించేది దాదాపు సున్నా. ఎక్కడ అంకె కనిపిస్తే అక్కడే మీ వాసన పుట్టింది.

ఒక జాగ్రత్త. మామూలు మల్టీమీటర్లు 10 ఆంపియర్లకు మించి తట్టుకోలేవు. ఈ మోటారు కరెంటును మీటరు గుండా పంపి కొలవాలని చూస్తే మీటరు లోపలి ఫ్యూజ్ పోతుంది. ఆంపియర్లు తెలియాలంటే డీసీ కొలిచే క్లాంప్ మీటర్ కావాలి. ఇంకో జాగ్రత్త, అక్కడ పసుపు రంగు తొడుగున్న వైర్లు కనిపిస్తే ముట్టుకోవద్దు, గుచ్చి చూడొద్దు. అవి ఎయిర్‌బ్యాగ్ వైర్లు.

ఇక రెసిస్టర్. కప్లర్ లాగి చూడండి. పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగినా, పిన్ను నల్లబడినా, కప్లర్ ఊడి రాకుండా అతుక్కుపోయినా ఇంకేం చెప్పక్కర్లేదు. రెసిస్టర్ విప్పి మీటరుతో ఓములు చూస్తే, పిన్నుల మధ్య ఓమ్‌లో కొంత భాగం నుంచి కొన్ని ఓముల దాకా రావాలి. చవక మీటరు తీగలకే కొంచెం అడ్డు ఉంటుంది, రెండు తీగలూ కలిపి చూసి ఆ అంకె తీసేయండి. ఏదైనా ఒక పిన్నుకూ మిగతా పిన్నులన్నిటికీ మధ్య ఏమీ రాకపోతే థర్మల్ ఫ్యూజ్ తెగి ఉండొచ్చు. అక్కడ ఎవరైనా "చిన్న తీగ ముక్కతో కలిపేస్తాను, మూడు స్పీడులూ వస్తాయి" అంటే దయచేసి ఒప్పుకోకండి. స్పీడులు వస్తాయి, నిజమే. కానీ తర్వాతసారి వేడెక్కినప్పుడు ఆపడానికి అక్కడ ఏమీ ఉండదు. అలాగే 25 ఫ్యూజ్ ఉన్న చోట 30ది పెట్టనివ్వకండి.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట మారతహళ్లి నుంచి ఒక కారు వచ్చింది, అచ్చం మీ లక్షణాలే. రెసిస్టర్ మార్చి పంపాను. రెండు నెలలకు మళ్లీ వచ్చింది, మళ్లీ మార్చాను. మూడోసారి వచ్చినప్పుడు కప్లర్‌ను వెలుతురులో పట్టుకుని చూస్తే ఒక పిన్ను పట్టు పూర్తిగా వదిలేసి ఉంది. కొత్త రెసిస్టర్‌ను పాత కరిగిన కప్లర్‌కే తగిలిస్తూ వచ్చాను. ఆ కుటుంబం మూడుసార్లు పని మానుకుని వచ్చింది. ఆ రోజు నుంచి రెసిస్టర్ మార్చిన ప్రతిసారీ కప్లర్ కూడా కోసేసి కొత్తది వేస్తున్నాను. మీ మెకానిక్‌తో కూడా ఇదే చెప్పండి. రెసిస్టర్, కప్లర్ రెండూ కొత్తవి కావాలి. వైర్లతో కలిపి వచ్చే కప్లర్లు జె.సి. రోడ్డు స్పేర్స్ షాపుల్లో దొరుకుతాయి. పాత రెసిస్టర్‌ను చేత్తో పట్టుకెళ్లి పిన్నుల వరస కలిపి చూసుకోవాలి, ఒకే మోడల్‌కు ఏడాదిని బట్టి పిన్నులు మారొచ్చు. వైరు మందం పాతదానికి తగ్గకూడదు. పాత వైరులో నల్లబడిన, గట్టిపడిన భాగమంతా కోసేసి, మంచి రాగి కనిపించిన చోట క్రింప్ చేసి, అంటే చిన్న లోహపు గొట్టంలో పెట్టి నొక్కి బిగించి, పైన వేడికి ముడుచుకునే ట్యూబ్ వేయాలి. తీగలు మెలితిప్పి టేపు చుట్టడం ఇక్కడ పనికిరాదు. ఆ టేపు వేడికి జిగురు కారి ఊడిపోతుంది.

రెసిస్టర్ ఊరికే పోదు. ఎందుకు పోయిందో కూడా చూడాలి, లేదంటే కొత్తదీ అదే దారి పడుతుంది. గ్లవ్ బాక్స్ ఎలాగూ విప్పారు కాబట్టి బ్లోయర్ చక్రాన్ని వేలితో తిప్పండి. మెత్తగా తిరిగి, వదిలాక కాసేపు తిరుగుతూనే ఉండాలి. గరగరమన్నా, వెంటనే ఆగిపోయినా బేరింగ్ బిగుసుకుంది, అలాంటి మోటారు ఎక్కువ కరెంటు లాగి రెసిస్టర్‌నూ కప్లర్‌నూ కాలుస్తుంది. అప్పుడు మోటారు మార్చడం న్యాయమే. క్యాబిన్ ఫిల్టర్ ఉంటే బయటికి తీయండి. దుమ్ముతో మూసుకుపోయిన ఫిల్టర్ వల్ల గాలి తగ్గి రెసిస్టర్‌కు చల్లదనం అందదు. ఫిల్టర్ లేని పాత మోడళ్లలో ఆకులు నేరుగా చక్రంలోకే వస్తాయి. మీ కారు చెట్టు కింద నిలుపుతారా? బెంగళూరు వీధుల్లో కానుగ, గుల్‌మొహర్ ఆకులు వైపర్ల కింది జాలీలోకి జారి, నీళ్లు పోయే రంధ్రాన్ని మూసేస్తాయి. వాన నీళ్లు గాలి దారిలోకి దిగి రెసిస్టర్ పిన్నులకు తుప్పు పట్టిస్తాయి. పిన్నుల మీద పచ్చగా గానీ తెల్లగా గానీ పొడి కనిపిస్తే అది నీళ్ల పనే, ముందు ఆ రంధ్రం శుభ్రం చేయించాలి. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో నిలిపేవాళ్లు ఎలుకలు కొరికిన వైర్ల కోసం కూడా చూసుకోవాలి. బ్లోయర్ లోపల గూడు కట్టిన ఎలుకల్ని చూశాను.

పని అయ్యాక వెంటనే డబ్బులిచ్చి వచ్చేయకండి. ఫ్యాను 3లో పెట్టి పదిహేను నిమిషాలు నడవనివ్వండి, ఆ తర్వాత 4లో ఐదు నిమిషాలు. ఫ్యాను ఆపి కప్లర్ ప్లాస్టిక్‌ను వేళ్లతో పట్టుకోండి. గోరువెచ్చగా ఉంటే మంచిదే. పట్టుకోలేనంత వేడిగా ఉంటే పని సరిగ్గా జరగలేదు. రెసిస్టర్ తీగ చుట్టల్ని మాత్రం తాకొద్దు, చేయి కాలుతుంది. పాత భాగాలు అడిగి తీసుకోండి. తెలుగు రాని మెకానిక్ అయితే కన్నడలో "హళె పార్టు వాపస్ కొడి, కప్లరూ హొసదు హాకి" అనండి, అంటే పాత పార్టు తిరిగివ్వండి, కప్లర్ కూడా కొత్తది వేయండి అని. కరిగిన కప్లర్ చూస్తే మీకే అర్థమవుతుంది.

ఆటోమేటిక్ క్లైమేట్ కంట్రోల్ ఉన్న కార్ల వాళ్లకు ఒక్క మాట. మీ కార్లలో రెసిస్టర్ బదులు ఎలక్ట్రానిక్ మాడ్యూల్ ఉంటుంది, పైన చెప్పిన ఓముల లెక్క దానికి వర్తించదు. మోటారు రెండు పిన్నుల మీద మీటరు పెట్టే పరీక్ష, కప్లర్ చూసుకోవడం మాత్రం మీకూ పనికొస్తాయి. ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు వైర్లు హై వోల్టేజీవి, వాటి జోలికి ఇంట్లో వెళ్లకండి.

ఇక మీ ప్రయాణం. ఈ రిపేరు చాలావరకు ఒక పూట పని. పండగ రద్దీ మొదలయ్యే ముందే చేయించండి. రిపేరు కాకపోతే తెల్లవారుజామున బయల్దేరకండి. దేవనహళ్లి దాటాక చిక్కబళ్లాపురం దాకా చలికాలం ఉదయాల్లో ఎన్‌హెచ్ 44 మీద పొగమంచు దట్టంగా పడుతుంది. బయట మంచు, లోపల నలుగురి ఊపిరి, ఫ్యాను లేని కారులో నిమిషాల్లో అద్దం తెల్లబడుతుంది. ఒక చేత్తో గుడ్డ పట్టుకుని తుడుస్తూ లారీల మధ్య నడపడం ఎంత ప్రమాదమో మీకు తెలుసు. ఎండ వచ్చి మంచు విడిపోయాకే కదలండి, కిటికీలు రెండు వేళ్లంత తెరిచి ఉంచండి. కొడికొండ చెక్‌పోస్టు దగ్గర హిందూపురం వైపు తిరిగేసరికి కాస్త ఆలస్యమవుతుంది, అంతే.

ఫ్యాను బాగైతే, అద్దం మసకబారినప్పుడు ఇలా చేయండి: గాలిని ముందు అద్దం వైపు తిప్పి, ఏసీ, వేడి రెండూ కలిపి పెట్టి, లోపలి గాలే తిరిగే రీసర్క్యులేషన్ బటన్ ఆపేయండి. ఏసీ గాలిలోని తేమను పిండేస్తుంది, హీటరు అద్దాన్ని వెచ్చబరుస్తుంది. చలికాలంలో ఏసీ ఏమిటని చాలామంది ఆపేస్తారు, అద్దం అందుకే తేరుకోదు. ఇంజను వేడెక్కడానికి కొన్ని నిమిషాలు పడుతుంది కాబట్టి బయల్దేరగానే వెచ్చగా రాలేదని కంగారు పడకండి.

మెకానిక్ దగ్గరికి వెళ్లినప్పుడు మూడు అంకెలు రాసుకుని నాకు పంపండి: ఇంజను ఆన్‌లో బ్యాటరీ దగ్గర వోల్టులు, 4లో తిరుగుతున్నప్పుడు మోటారు రెండు పిన్నుల మధ్య వోల్టులు, ఆగిపోయినప్పుడు అదే చోట వోల్టులు. వీలైతే కప్లర్ ఫోటో కూడా. మోటారు కొనాలా వద్దా అన్నది అవి చూసి చెప్తాను. అప్పటిదాకా ఆ ఆరు వేలు మీ దగ్గరే ఉంచండి.